షాటుకీ షాటుకీ మధ్య

మార్చి 2, సోమవారం

ఆఫీసుకి వెళ్లాను. పొద్దున అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. మధ్యాహ్నానికి మర్చిపోయి మామూలుగా అరుచుకున్నారు. అదే నయం.

ఏడున్నరకి టీవీ పెట్టాను. సీరియల్‌లో లాండ్రీ షాపు. తల్లి, ముగ్గురు కూతుళ్లు. వెనక కడ్డీకి వేలాడే చొక్కాలు: తెలుపు, తెలుపు, బూడిదరంగు, నీలం, గళ్లది. చివరి దాకా అదే వరుస.

ఇది తను ఉండగా తీసినది.

మార్చి 4

మా డ్రాయింగ్ సెక్షన్‌లో నా పక్క టేబుల్ అతన్ని ఆఫీసంతా రిమోట్ అంటుంది. లోకంలో వచ్చే ప్రతి సీరీసూ చూస్తాడు. నీళ్ల పైపుల మ్యాపు గీస్తూ హత్యలు ఎవరు చేశారో చెబుతాడు. ఇవాళ టీ దగ్గర పట్టుకున్నాడు.

"సాయంత్రాలు ఏం చేస్తున్నారు గురువుగారూ?"

"సీరియల్ చూస్తున్నాను."

గ్లాసు కింద పెట్టేశాడు. "రోజూ వచ్చేదా? మీరా?"

"మా ఆవిడ పనిచేసింది అందులో."

"అయ్యో, అవును. టీవీ వాళ్ల దగ్గరని తెలుసు. ఏం చేసేవారు, మేకప్పా?"

"కంటిన్యుటీ."

అదేమిటన్నాడు. చెప్పాను. ఒక సీను ఒక్క ఊపున తీయరు. తల్లి అరవడం పొద్దున తీస్తారు, కూతురి జవాబు భోజనాలయ్యాక తీస్తారు. టీవీలో రెండూ ఒకే నిమిషంలో జరగాలి. పొద్దున గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో మధ్యాహ్నమూ అంతవరకే ఉండాలి. తలుపు ఎంత తెరిచి ఉందో అంతే తెరిచి ఉండాలి. సంచి కుడి చేతిలో ఉంటే కుడి చేతిలోనే. అవన్నీ చూసుకోవడానికి ఒక మనిషి ఉంటుంది.

"అంటే తప్పులు పట్టడం."

"రాకుండా చూడటం."

"మరి చేసిన పని టీవీలో ఎలా కనిపిస్తుంది?"

"కనిపించదు."

రిమోట్ కాసేపు ఆలోచించాడు. "మా ఇంట్లో నేను చేసే పనిలాగే" అన్నాడు. నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఇద్దరం కంగారు పడ్డాం.

మార్చి 5

మూడు నాలుగు వారాలు ముందుగా తీసి పెట్టుకుంటారని తను చెప్పేది. ఫిబ్రవరిలో ఆ సోమవారం అక్కడే, లైట్ల మధ్య పడిపోయింది. గురువారానికి లేదు. కాబట్టి తను చూసుకున్న ఎపిసోడ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి.

ఏ రోజుతో అయిపోతాయో పిచ్చుకని అడిగితే చెబుతుంది. పిచ్చుక అంటే తన కింద పనిచేసిన అమ్మాయి. మాట మీద మాట వేస్తుందని తనే పెట్టిన పేరు. ఇప్పుడు తన కుర్చీలో ఆ అమ్మాయే కూచుంటోంది.

అడగను. అడగక్కర్లేదు. మొదటి తప్పు కనిపించిన రోజున నాకే తెలుస్తుంది. అంతవరకూ రోజూ అరగంట ఉంది.

మార్చి 7, శనివారం

శనివారాలు మాత్రమే చివర పేర్లు వేస్తారు. కళ్లు చికిలించి చదవాలి, పరుగెత్తిస్తారు. తన పేరు వచ్చింది. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. ఆ పేర్ల కార్డు మార్చే తీరిక ఎవరికి ఉంటుంది?

తప్పు లేదు.

మార్చి 8

అక్కయ్య వచ్చింది. నెలాఖరు దాకా ఉంటానంది. వద్దన్నాను. పెట్టె తెరిచి బట్టలు అలమారలో సర్దుతూనే "సరే, నువ్వు వద్దన్నావు, నేను విన్నాను" అంది.

మా ఆవిడ అర అలాగే ఉంచింది. ఏమీ అడగలేదు.

మార్చి 9

"ఎవర్రా ఆ పొడుగు ముక్కువాడు?"

"పెద్దల్లుడు."

"ఆ నడక చూస్తేనే తెలుస్తోంది, వెధవని. ఈ షాపు వాడి పేర రాయించుకుంటాడు చూడు. తల్లికి కళ్లు లేవా?"

"ఏమో."

"ఏమో ఏమిటి? నువ్వు రోజూ చూస్తున్నానన్నావుగా!"

మార్చి 10

అక్కయ్య ఏడ్చింది. తల్లి పెద్ద కూతురితో, నువ్వు నా కడుపున పుట్టినదానివి కాదని చెప్పే సీను. చాలా పెద్ద సీను. సగంలో లేచి వెళ్లి నా తువ్వాలు తెచ్చుకుంది.

"రాయిలా కూచున్నావేంట్రా? దేనికేసి చూస్తున్నావు?"

"చొక్కాలకేసి."

"ఆవిడ అక్కడ గుండె పగిలి చస్తుంటే చొక్కాలా?"

వెనక వరుస సరిగ్గా ఉంది. ఇస్త్రీపెట్టె తీగ బల్లకి ఎడమవైపే వేలాడింది. కిటికీలో వెలుతురు కూడా మారలేదు. తప్పు లేదు.

మార్చి 11

తప్పు లేదు.

మార్చి 15, ఆదివారం

సీరియల్ లేదు. అక్కయ్య పడుకుంది. రిమోట్ కొన్ని సీరీసుల పేర్లు ఫోన్‌కి పంపాడు. ఏది ఎందుకు చూడాలో పక్కన రాశాడు. మలుపులు. వేగం. ఫొటోగ్రఫీ. ఒకదాని పక్కన "చూసి తీరాలి, కారణం అడక్కండి" అని ఉంది.

మేమిద్దరం ఇష్టపడ్డవాటికి కారణాలు రాయమంటే ఏం రాస్తానా అని ఆలోచిస్తూ కూచున్నాను.

అన్నిటికంటే ఎక్కువ చూసింది ఇన్‌స్పెక్టర్‌ది. ఎక్కడో చలి దేశంలో తీసినది. కింద అక్షరాలు చదువుకుంటూ చూసేవాళ్లం. ఆ ముసలాయన ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో బూట్లు తుడుచుకుంటాడు. హత్య జరిగిన ఇంట్లోనైనా సరే. శవం లోపల ఉంటుంది, పోలీసులు అటూ ఇటూ పరుగెడుతుంటారు, ఈయన గుమ్మం దగ్గర నిలబడి ఒక బూటు, తర్వాత ఇంకో బూటు. కథకి దానితో పని లేదు. హంతకుడెవరో నాకు మూడో ఎపిసోడ్‌కి తెలిసేది, తనకి మొదటిదానికే. అయినా మానలేదు. ఆ బూట్ల కోసమే చూశాం అనుకుంటాను. ఒకసారి ఒక ఇంట్లోకి తుడుచుకోకుండా వెళ్లిపోయాడు. తను దుప్పటి తీసేసి లేచి కూచుంది.

"ఏదో అయింది ఇతనికి."

"మర్చిపోయి ఉంటాడు. నటుడేగా."

"నటుడు మర్చిపోతే నాలాంటిది ఒకతి ఉంటుంది గుర్తు చెయ్యడానికి. ఇది మర్చిపోవడం కాదు."

కాదు. మరో రెండు ఎపిసోడ్ల తర్వాత తెలిసింది, అది ఆయన చిన్నప్పటి ఇల్లు.

సీరీస్ ఎందుకు చూడాలంటే నేను చెప్పే కారణం అదే. ఒక మనిషిని చాలాకాలం చూసి ఉంటేనే అతను చెయ్యనిది కళ్లకి కనబడుతుంది. సినిమాకి అంత తీరిక ఉండదు.

తనతో కూచుని చూడటం మాత్రం కష్టం. "ఇదిగో, సిగరెట్టు పెరిగింది" అనేది. కథ చూడు అనేవాణ్ణి. "కథ మీరు చూసి చెప్పండి" అనేది. ఆస్పత్రి సీరీస్ ఒకటి మంచిదని అందరూ అంటే మొదలుపెట్టాం. నాలుగు రోజుల్లో మానిపించింది. సెలైన్ సీసాలో నీళ్లు ఒక షాట్‌లో సగం, ఇంకో షాట్‌లో నిండుగా. "రోగికి మందు ఎక్కడం లేదు, సీసాకే రోగి ఎక్కుతున్నాడు" అంది. నవ్వీ నవ్వీ నాకు దగ్గు వచ్చింది.

ఫిబ్రవరిలో ఆ మూడు రోజులూ సీసాకేసి చూస్తూ కూచున్నాను. అక్కడ సరిగ్గానే తగ్గింది.

మార్చి 18

లెక్క ప్రకారం ఇప్పటికి అయిపోవాలి. కాని తప్పు లేదు. చిన్న కూతురు కాఫీ కప్పు పిడి ఎటు తిప్పి పెట్టిందో మూడు షాట్లలోనూ అటే ఉంది. ఇలాంటిది పిచ్చుక వల్ల అయ్యే పని కాదు. మా ఇంటికి వచ్చినప్పుడు ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు వేసుకుని వెళ్లిపోయిన పిల్ల అది.

మార్చి 20

గుర్తొచ్చింది. తల్లి వేషం వేసే పెద్దావిడకి మోకాలి ఆపరేషన్ ఉందని తను జనవరిలో చెప్పింది. ఆవిడ సీన్లన్నీ ముందే లాగించేస్తున్నారని. అంటే నెలన్నరకి సరిపడా తీసి ఉంటారు. నా లెక్కే తప్పు.

హాయిగా ఉంది.

మార్చి 21, శనివారం

తన పేరు వచ్చింది.

మార్చి 24

అక్కయ్య కథ చెప్పడం మొదలుపెట్టింది. టీవీ అయ్యాక నేను గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి ఇవాళ ఏం జరిగిందో నాకే చెబుతుంది, నేను ఇంట్లో లేనట్టు.

"పెద్దదానికి తెలిసిపోయిందిగా కన్నతల్లి కాదని. అయినా చెల్లెళ్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటావ్?"

"ఏమో."

"భయం రా. చెబితే ఆ ఇంట్లో తన కుర్చీ ఏదో తనకే తెలియకుండా పోతుంది. నేనైతే రేపు ఏమవుతుందో తెలిస్తేగాని చావను."

"ఇన్ని రోజులు లాగుతున్నారు. విసుగనిపించదా?"

"లాగనీ. నాకేం తొందర? రేపు ఏమవుతుందో తెలియాలంటే రేపటి దాకా ఉండాలిగా." చేతిలోంచి గిన్నె లాక్కుంది. "మసి అలాగే ఉంది. షర్టులు తప్ప ఏమీ కనబడవు నీకు."

మార్చి 28

వాన. ఈ ఏడాదికి ఇదే మొదటిది. ఆఫీసు కింద కాలవ పొంగితే మా సెక్షన్ అంతా కిటికీ దగ్గర చేరి, మనం గీసిన పైపేనా అని చూసింది.

తన పేరు వచ్చింది. తప్పు లేదు.

మార్చి 29

అక్కయ్య వెళ్లింది. బస్సు ఎక్కాక కిటికీలోంచి "ఆ పొడుగుముక్కువాడు ఏం చేసేదీ రోజూ నాకు ఫోన్ చేసి చెప్పు. మా ఇంట్లో వీళ్లు నన్ను చూడనివ్వరు" అంది. ఆమె ఇంట్లో టీవీ ఆమె గదిలోనే ఉంది.

ఇంటికి వచ్చి రెండు కప్పులు టీ పెట్టాను. రెండోది అక్కయ్య కోసమో, తన కోసమో ఒక క్షణం తెలియలేదు.

ఆదివారం.

ఏప్రిల్ 2

తప్పు లేదు.

ఏప్రిల్ 3

తప్పు లేదు. అక్కయ్యకి ఫోన్ చేశాను. ఏం జరిగిందంది. పెద్దల్లుడు షాపులోకి వచ్చాడు, గోధుమరంగు కోటు, పైగుండీ తీసి ఉంది అన్నాను. "వచ్చి ఏం చేశాడ్రా?" అంది. చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 6

రిమోట్‌కి ఎవరో స్నేహితుడు ఏదో చానల్‌లో ఉన్నాడట. నేను అడగకుండానే చెప్పాడు. "రోజువారీ సీరియల్‌కి నెలకి మించి నిల్వ ఉండదట గురువుగారూ. ఉన్నా చానల్ ఒప్పుకోదట."

"పెద్దావిడ ఆపరేషన్ ఉంది."

"ఎవరు పెద్దావిడ?"

చెప్పాను. అతను నా ముఖంలోకి చూసి, టేబుల్ మీద పెన్సిల్ తీసి, అది ఇప్పటికే చెక్కి ఉన్నా మళ్లీ చెక్కాడు.

"అలాగే ఉంటుంది లెండి" అన్నాడు.

ఏప్రిల్ 9

చిన్న కూతురు వీధిలోకి పరుగెత్తింది. వీధి అంతా తడి. కాలవ పక్క నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ వీధి మా ఆఫీసు వెనకదే, అక్కడే తీస్తారు.

పైపుతో కొట్టి ఉంటారు. టీవీలో వానలన్నీ పైపు వానలే. తనే చెప్పేది.

ఏప్రిల్ 10

అక్కయ్యే ఫోన్ చేసింది.

"నిన్న చూశావా? అది మొన్నటి వానే కదూ? నేనున్నప్పుడు పడ్డది!"

"పైపుతో కొట్టిన నీళ్లు."

"పైపుతో కొడితే ఆకాశం కూడా నల్లబడుతుందిరా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. తర్వాత, "భోంచేశావా?" అంది. చేశానన్నాను. "మంచిది. పడుకో" అంది. అప్పటికి సాయంత్రం ఆరు.

ఏడున్నరకి పెట్టాను. తప్పు లేదు. తప్పు ఉండి ఉంటే బావుండునేమో.

ఏప్రిల్ 12, ఆదివారం

నాలుగింటికి తలుపు చప్పుడు. పిచ్చుక. భుజాన ఒక సంచి. రెండు కాళ్లకీ ఒకే జత చెప్పులు.

"ఫోన్ చేసి వద్దామనుకున్నాను బావగారూ, చేస్తే వద్దంటారని చెయ్యలేదు. లిఫ్ట్ పనిచెయ్యడం లేదు, మీకు తెలుసా? కింద వాచ్‌మన్‌కి చెప్పాను, ఆయనకీ తెలియదట. చిక్కిపోయారు మీరు. ఇవి అక్కవి. స్టోర్‌లో పడేశారు, ఎలుకలున్నాయక్కడ, అందుకని తెచ్చేశాను."

స్టీలు నీళ్ల సీసా. బూడిదరంగు శాలువా, అక్కడ ఏసీ చలికి కప్పుకునేది. కుర్చీ మీద వేసుకునే దిండు. టేబుల్ మీద పెట్టింది. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. "బావగారూ, చక్కెర డబ్బా అంతా ఇందులోనే ఉందా?"

"నాలుగు రోజులకోసారి ఎవరైనా వస్తారు. కొలత పోయింది."

"బావుంది లెండి. రేపటిక్కూడా సరిపోతుంది." గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఒక మాట చెప్పాలని వచ్చాను. వచ్చే శనివారం నుంచి పేరు మారుతుంది. ఇన్నాళ్లూ నేనే ఉండనివ్వండని బతిమాలాను. చానల్ వాళ్లు ఇంక కుదరదన్నారు. మీరు టీవీలో చూసి తెలుసుకోకూడదని."

"మారాలి కదా."

"కోపం లేదు కదా?"

"లేదు." కొంచెం ఆగి అడిగాను. "నీ పని ఎప్పటి నుంచి వస్తోంది?"

"వస్తోందంటే?"

"టీవీలో. ఏ ఎపిసోడ్ నుంచి?"

పైకి చూసి గొణుక్కుంది. "చిన్నది బస్సు తప్పిపోతుంది చూడండి, మార్చి పధ్నాలుగు. ఆ రోజు నుంచి నావి. అక్క పోయాక నిల్వ కూడా కరిగిపోయింది, ఇప్పుడు పది రోజుల ముందువే తీస్తున్నాం."

"పెద్దావిడ ఆపరేషన్‌కి ముందే తీసి పెట్టుకున్నవో?"

"ఆపరేషనా? అప్పుడే మానేశారుగా ఆవిడ! కత్తి అంటే భయమట. రోజూ నూనె రాసుకుంటూ మమ్మల్ని చంపుతోంది."

మార్చి పధ్నాలుగు. కాఫీ కప్పు పిడి ఈ అమ్మాయిది. గోధుమరంగు కోటు ఈ అమ్మాయిది. నెల రోజులుగా రోజూ ఏడున్నరకి నేను ఎదురు కూచున్నది ఈ అమ్మాయి పనికి.

"ఒక్క తప్పు లేదు" అన్నాను.

"ఏమిటి?"

"నీ పనిలో. నెలగా చూస్తున్నాను. ఒక్కటి కూడా లేదు."

"మీరు చూస్తున్నారా? తప్పుల కోసమా?"

"అవును."

నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. "అక్క అయితే ఈ మాట అనేది కాదు తెలుసా? 'దొరకలేదంతే, ఉండే ఉంటుంది' అనేది. ఆరేళ్లు నన్ను అలాగే చంపింది."

"మీ అక్కవి కూడా అంతే. ఒక్కటి లేదు."

పిచ్చుక మాట్లాడలేదు. ఆ అమ్మాయి మాట్లాడకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. గ్లాసు అడుగున మిగిలిన చక్కెరని చూస్తూ కూచుంది.

"ఏమిటి?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఒకటుంది బావగారూ."

వీధిలో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"మార్చి పదిన వచ్చింది. తల్లి పెద్దదానికి నిజం చెప్పే సీను. పొద్దున తల్లి వైపు సగం తీశాం. భోజనాలయ్యాక కూతురి వైపు. తర్వాత తల్లి వైపు మిగిలిన సగం. ఆ మిగిలిన దాంట్లో తల్లికి కళ్లజోడు లేదు."

"పొద్దున ఉందా?"

"ఉంది. ఆవిడ భోజనానికి తీసి మళ్లీ పెట్టుకోలేదు. అక్క మానిటర్ ముందే కూచుంది. చూసింది. ఓకే అంది."

"నువ్వు చూశావా?"

"చూశాను. చూసి, అక్క ఓకే అంది కాబట్టి పొద్దున కూడా లేదేమో, నేనే సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. అక్కకి తప్పు రాదు కదా. అందుకని నా కళ్లనే అనుమానించాను. నోటిదాకా వచ్చింది. నవ్వుతుందని ఊరుకున్నాను." మాటలు వేగం పుంజుకున్నాయి. "అది శుక్రవారం బావగారూ. సోమవారం పడిపోయింది. 'అక్కా, కళ్లజోడు' అని ఒక్క మాట అంటే చాలు కదా. నాకు తప్పు వస్తే తప్పు, తనకి తప్పు వస్తే అది జబ్బు, ఆ సంగతి తనకి వెంటనే తెలిసేది. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లేదేమో. రెండు రోజులు చేతిలో ఉండేవి. నేను ఊరుకున్నాను."

ఎవరితోనూ అనలేదట. ఎడిటింగ్‌లో కూడా ఎవరూ పట్టుకోలేదట.

"డాక్టర్ని అడిగాను" అన్నాను. "వారం ముందు తీసుకొచ్చినా ఇంతేనన్నాడు. తలలో గడ్డ అలాంటి చోట ఉందట."

"నిజంగా?"

"నిజంగా."

"వారం ముందు తెచ్చినా?"

"తెచ్చినా."

చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, చక్కెర డబ్బా ఎక్కడుందో చూసి, దానిలో చిన్న చెంచా వేసి, "ఇది ఒకటి. ఒకటే" అని చెప్పి వెళ్లింది. లిఫ్ట్ సంగతి వాచ్‌మన్‌కి మళ్లీ చెప్పడం మెట్ల మీదనుంచి వినబడింది.

డాక్టర్ని నేనేమీ అడగలేదు.

ఏప్రిల్ 13

ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. పాత ఎపిసోడ్లు ఫోన్‌లో దొరుకుతాయి. మార్చి పదిది పెట్టాను.

తల్లి వైపు. కళ్లజోడు ఉంది. కూతురి వైపు. తల్లి వైపు. లేదు. కూతురి వైపు. తల్లి వైపు. ఉంది. కూతురి వైపు. లేదు.

వెనక చొక్కాల వరుస సరిగ్గానే ఉంది.

ఆ రోజు నేను టీవీకి మూడు అడుగుల దూరంలో కూచున్నాను. ఇస్త్రీపెట్టె తీగ చూశాను. కిటికీ వెలుతురు చూశాను. తప్పు తల్లి ముఖం మధ్యలో ఉంది.

ఆ శుక్రవారం తను ఇంటికి వచ్చిన సాయంత్రం గుర్తు చేసుకుంటున్నాను. శాలువా భుజం మీదే మర్చిపోయి వచ్చేసింది. చెప్పులు తలుపుకి అడ్డంగా విడిచింది, నేను పక్కకి జరిపాను. లైట్ తగ్గించమంది. తగ్గించాను. ముఖం రావడం లేదు. ఎంత ప్రయత్నించినా చెప్పులే వస్తున్నాయి.

కళ్లజోడు లేని చోట ఆపాను. మిగతా ఆరేళ్లలో ఎక్కడా తను కనిపించదు. కనిపించకూడదనే కదా అంత పని. కనిపించేది ఇక్కడొక్కచోటే. అలసిపోయి, తల పట్టుకుని, ఓకే అంటూ.

చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 14

పెట్టలేదు.

ఏప్రిల్ 15

పెట్టలేదు. అక్కయ్య ఫోన్ చేస్తే తీయలేదు. తర్వాత తీసి, ఒంట్లో బాగోలేదన్నాను. రేపే బయల్దేరతానంది. బాగానే ఉందన్నాను.

ఏప్రిల్ 17

రిమోట్ అడిగాడు, ఆ సీరియల్ ఎంతవరకు వచ్చిందని. చూడటం లేదన్నాను. "అదేమిటి? మా ఆవిడ మొదలుపెట్టింది మీ మాట విని. పెద్దది నిజం బయటపెట్టేసిందట, ఇల్లంతా రణరంగమట. నాకు భోజనం కూడా పెట్టకుండా చూస్తోంది." గొంతు తగ్గించాడు. "నేను కూడా చూశాను. ఎవరికీ చెప్పకండి."

"ఎలా ఉంది?"

"చెత్తగా ఉంది. ఇవాళ ఏమవుతుందంటారు?"

ఏప్రిల్ 18, శనివారం

ఏడున్నరకి పెట్టాను.

నిజం చెప్పినందుకు చెల్లెళ్లిద్దరూ పెద్దదాన్ని పట్టుకుని ఏడ్చారు. అక్కయ్య అనుకున్నట్టు కుర్చీ ఏమీ పోలేదు. తల్లిని మాత్రం క్షమించలేదు చిన్నది. ఇన్నేళ్లు దాచావు కదా అంది. ఆ పిల్ల బాగా చేసింది. గొంతు పెంచకుండా అంది. తల్లి ఒక మాట కూడా అనకుండా మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది, బట్ట కాలి పొగ వచ్చేదాకా. చిన్నది సంచి తీసుకుని మెట్లు దిగి, బస్సెక్కి వెళ్లిపోయింది. తల్లి గుమ్మం దాకా కూడా రాలేదు.

చివర పేర్లు పరుగెత్తాయి. తన పేరుండే చోట వేరే పేరు. పిచ్చుక అసలు పేరు అదని ఇవాళే తెలిసింది.

ఫోన్ మోగింది.

"చూశారా బావగారూ?"

"చూశాను. పేరు బావుంది."

"అది సరే. బస్సు దగ్గర ఏమైనా పట్టుకున్నారా? రెండు రోజులు తీశాం అది. సంచి నాకు అనుమానంగానే ఉంది. మెట్ల మీద ఏ చేతిలో ఉంది, బస్సులో ఏ చేతిలో ఉంది?"

ఆలోచించాను. "తెలియదు."

"తెలియదా? మీకా?"

"ఆ పిల్ల ఏడుస్తోందేమోనని చూస్తున్నాను."

"అయ్యో రామా, ఏడుపు చూడ్డానికి ఊరంతా ఉంది కదా! మీరొక్కరైనా సంచి చూస్తారని నా ధైర్యం!" నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఏడ్చిందా?" అంది.

"లేదు. కిటికీలోంచి బయటికి చూసింది."

"బావుందా?"

"బావుంది."

ఫోన్ పెట్టేశాక టీవీ కట్టేశాను. ఆ పిల్ల ఎక్కడికి వెళ్తోందో ఎవరికీ చెప్పలేదు. ఏ ఊళ్లో దిగుతుందో, తల్లి వెతుక్కుంటూ బయల్దేరుతుందో లేదో సోమవారం దాకా తెలియదు. తను కూచునే వైపు తిరిగి, "తల్లి వెళ్తుందంటావా?" అన్నాను.

మధ్యలో ఆదివారం ఒకటి ఉంది.